బొటనవేలి చీటీ

కడుపుతో ఉన్న మనిషి కత్తెర పట్టుకుంటే బిడ్డ చేతికి దోషం వస్తుందా, రాదా? ఈ అనుమానం కత్తెరాయన్ని ఇరవై ఏడేళ్ళుగా వదల్లేదు. పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడల్లా, అడగాల్సినవన్నీ అయ్యాక చివర్లో ఇదొకటి అడిగేవాడు. దేవుడు వినేవాడే గాని, వెంటనే బదులు చెప్పే అలవాటు ఆయనకి తక్కువ. మనుషుల్ని అడుగుదామంటే నోరొచ్చేది కాదు. ఎందుకంటే ఒకప్పుడు ఆ మాట అన్నీ తెలిసినవాడిలా అన్నది తనే.

కత్తెరాయన గ్లౌజుల కార్ఖానాలో తోలు కత్తిరిస్తాడు. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆయన భార్య కూడా ఒకప్పుడు అక్కడే, దారాలు తెంచే కత్తెర చేతికందేలా పెట్టుకుని, కుట్టుమిషను మీద కూచునేది. గ్లౌజుకి బొటనవేలు అతకడమే అన్నిటికన్నా కష్టమైన కుట్టు. గుండ్రటి కంతలో గుండ్రటి తోలు ముక్కని ముడత లేకుండా తిప్పాలి. ఒక్క ముడత పడిందా, గ్లౌజంతా దండగ. ఆ పనిలో ఆవిడని మించినవాళ్ళు లేరు. పాప కడుపులో పడ్డాక కూడా ఏడో నెల దాకా వెళ్ళింది. అత్తగారు వద్దంటూనే ఉంది, ఆవిడ నవ్వేసి వెళ్తూనే ఉంది.

పాప పుట్టింది. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చూపించింది. కుడిచేతికి రెండు బొటనవేళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, బియ్యపుగింజల్లాంటి గోళ్ళతో. కత్తెరాయన అప్పటికి రెండు షిఫ్టులు వరసగా చేసి, కళ్ళు మూతలు పడుతూ వచ్చి నిలబడ్డాడు. గదిలో ఆయన తల్లి, భార్య తల్లి, భార్య అక్క, ఆ నర్సు ఉన్నారు.

"చెప్తే విన్నదా? కత్తెర వదలమంటే వదిలిందా?" అంది ఆయన తల్లి.

అంతే. ఆయన నోరు జారింది. "బొటనవేళ్ళు కుట్టీ కుట్టీ చెయ్యి ఊరుకోక, పిల్లకి కూడా ఒకటి ఎక్కువ కుట్టి పెట్టింది," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. మంచం మీది మనిషి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆవిడ కార్ఖానా గడప తొక్కలేదు. చిన్నపిల్లల బడిలో ఆయాగా చేరింది. ఇంట్లో కత్తెర ఉండనివ్వలేదు. దారం తెంచాలంటే పంటితో తెంచుతుంది. తెంచీ తెంచీ ముందు పన్ను అంచు కాస్త అరిగింది కూడా. ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు, పోట్లాడలేదు. ఎత్తి పోట్లాడి ఉంటే ఆయనకి కాస్త సులువుగా ఉండేదేమో.

పాపకి ఏడాదిన్నరప్పుడు ఎక్కువ వేలు తీసేశారు. ఇప్పుడు సన్నటి గీత తప్ప ఏమీ కనపడదు. ఇరవై ఏడేళ్ళొచ్చినా ఇంట్లో అందరికీ పాపే. పెళ్ళయింది, ఆఫీసులో ఉద్యోగం, ఇప్పుడు ఆరో నెల. కిందటి నెల స్కానింగులో లోపలి బిడ్డకి రెండు చేతులకీ రెండేసి బొటనవేళ్ళు కనపడ్డాయి. ఒంట్లో నీరసంగా ఉందని, అల్లుడు పని మీద వేరే ఊరు వెళ్ళాడని, పాప పుట్టింటికొచ్చి ఉంది.

వచ్చిన మర్నాడే తల్లి దాని సంచీ వెతికి గోళ్ళు తీసుకునే చిన్న కత్తెర తీసి దాచేసింది.

"అమ్మా, నేను ఆఫీసులో పట్టుకునేది పెన్ను. పెన్ను వల్ల కూడా వేళ్ళు మొలుస్తాయా?" అంది పాప.

"నీకు తెలీదు, ఊరుకో. నా చేతి దోషం నీకొచ్చింది. నీ నుంచి దానికి దిగింది," అంది తల్లి. ఏడుస్తూ కాదు. పాలు అయిపోయాయి అన్నంత మామూలుగా అంది. పక్కగదిలో చొక్కా విప్పుకుంటున్న కత్తెరాయన సగం విప్పిన చొక్కాతోనే నిలబడిపోయాడు.

పెద్దాసుపత్రిలో జన్యువుల డాక్టరమ్మ తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురి రక్తం తీసుకుంది. మూడు వారాలకి మొదటి కాగితం వచ్చింది. చేతివేళ్ళకి సంబంధించిన జన్యువులో తప్పేమీ లేదు, అక్షరం పొల్లు పోలేదు అని అందులో ఉంది. మంచి వార్తే అనుకోవాలి. కాని ఆ రోజు సాయంత్రం భార్య కంచం ముందు నుంచి సగంలోనే లేచింది.

"రక్తంలో లేదట," అంది చెయ్యి కడుక్కుంటూ. "రక్తంలో లేకపోతే ఇంకెక్కణ్ణించి వచ్చినట్టు? చేత్తో వచ్చిందే."

అప్పుడైనా ఆయన నోరు విప్పాల్సింది. ఏమని విప్పాలి? తను అన్నది తప్పని తనకే రుజువు లేదు. ఆవిడ తిండి తగ్గించేసింది. పాప పక్కనే కూచుని కాళ్ళు పడుతుంది, ఏదైనా అడిగితే బదులు చెప్తుంది, అంతే. ఉన్న మనిషే అరిగిపోతున్నట్టు ఉంది.

డాక్టరమ్మ ఊరుకోలేదు, ఇంకో పరీక్షకి పంపింది. అది వచ్చిందని ఫోను చేసిన రోజు, కత్తెరాయన పొద్దుటి షిఫ్టు దిగి ఒంటికి తోలు వాసనతోనే బస్సెక్కాడు. భార్య రానంది. "మళ్ళీ తెలిసేదేముంది?" అని, తన కాగితం ఆయనకి చూపించొచ్చని సంతకం చేసి ఇచ్చింది. పాప కూడా చేసింది.

ఆసుపత్రి హాల్లో ఇనప కుర్చీల వరస. గంటన్నర కూచున్నాడు. మోకాళ్ళు పీకుతున్నాయి. ఎదుటి గోడ మీద గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది. దాన్ని సరిచేసే ఓపిక ఆ భవనంలో ఎవరికీ ఉన్నట్టు లేదు. చివరికి పిలుపొచ్చింది.

డాక్టరమ్మ పాప కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. ఆవిడ కళ్ళ కింద కూడా నల్లటి చారలు. చల్లారిపోయిన టీ కప్పు ఫైళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది.

"ఒక్కరే వచ్చారా? కూచోండి. మొదటి పరీక్షలో మేం జన్యువు ఒక్కటే చదివాం. మా అలవాటు అది. ఎక్కువ జబ్బులు అక్కడే దొరుకుతాయి కాబట్టి ముందు అదే చూస్తాం. నిజానికి మన డీఎన్‌ఏలో జన్యువుల రాత నూటికి రెండు వంతులే. మిగతా తొంభై ఎనిమిది వంతుల జోలికి పోం."

"మరి ఈసారి?"

"ఈసారి దూరంగా ఉన్న ఒక ముక్క చదివాం. జన్యువుకి పది లక్షల అక్షరాల అవతల. అక్కడ ఒక్క అక్షరం మారింది. మీ అమ్మాయికీ ఉంది, కడుపులో బిడ్డకీ వచ్చి ఉంటుంది."

కత్తెరాయన అయోమయంగా చూశాడు. "పది లక్షల అవతల ఉన్న అక్షరం ఇక్కడి వేలిని ఏం చేస్తుందమ్మా?"

డాక్టరమ్మ కప్పు పక్కకి జరిపింది. "ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే పుస్తకం ఉంటుందండీ. కంట్లోనూ అదే, కాలేయంలోనూ అదే. మరి కన్ను కన్నుగానే, కాలేయం కాలేయంగానే ఎలా అవుతున్నాయి? ఏ పేజీ ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు చదవాలో చెప్పే రాతలు వేరే ఉంటాయి. స్విచ్చులనుకోండి. అవి జన్యువు పక్కనే ఉండాలని లేదు. దూరంగా ఎక్కడో ఉంటాయి. దారం మడత పడ్డట్టు డీఎన్‌ఏ మడత పడుతుంది, ఆ స్విచ్చు వచ్చి జన్యువుని తాకుతుంది. చెయ్యి తయారయ్యేటప్పుడు ఈ జన్యువు చిటికెనవేలి వైపే పని చెయ్యాలి. అప్పుడే ఐదు వేళ్ళు వరసలో వస్తాయి. మీ అమ్మాయిలో ఆ స్విచ్చు బొటనవేలి వైపు కూడా పడింది. జన్యువు మంచిదే. చెయ్యకూడని చోట కూడా పని చేసింది."

ఆయన బల్ల అంచు మీద వేలితో అరచేతి ఆకారం గీశాడు. తర్వాత, "చీటీ!" అన్నాడు.

"ఏమిటీ?"

"మా కార్ఖానాలో ఒకసారి ఇలాగే అయిందమ్మా. అరచేతి ముక్కలు రెండు బల్లల మీద కత్తిరిస్తాం. లోపలి బల్ల మీద బొటనవేలి కంత కొడతారు, బయటి బల్ల మీద చిటికెనవేలి అంచు కోస్తారు. ఏ బల్ల ఏం చెయ్యాలో పొద్దున్నే గుమాస్తా చీటీ రాసి, తలుపు పక్కన ఆ బల్ల నెంబరు మేకుకి తగిలిస్తాడు. ఒకరోజు అరవై జతలు, అరచేతికి రెండు వైపులా బొటనవేలి కంతలతో వచ్చాయి. మేస్త్రి చిందులు తొక్కాడు. కంత కొట్టే అచ్చు చెడిపోయిందన్నాడు. రెండు రోజులు దీపం కింద పెట్టి ఆ అచ్చునే చూశారు. ఎక్కడా వెంట్రుకంత వంకర లేదు. తోలు మంచిదే, కోసినవాళ్ళు మంచివాళ్ళే. కంత చీటీ రెండు మేకులకీ తగిలించి ఉందని మూడో రోజు ఊడ్చే ఆవిడ చెప్పింది."

డాక్టరమ్మ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది. "మేం కూడా మొదట అచ్చునే చూశాం. తగిలించిందెవరో తెలిసిందా మరి?"

"గుమాస్తానే, పాపం. ఆ రోజు ఆయన కళ్ళజోడు పగిలింది. కావాలని చేసింది కాదు."

"ఇదీ కావాలని ఎవరూ చేసింది కాదండీ." నవ్వు తగ్గించి కాగితం తిప్పింది. "మీ ఆవిడ రక్తంలో ఈ మార్పు లేదు. మీలో ఉంది. మీ చేతులొకసారి బల్ల మీద పెడతారా?"

పెట్టాడు. డాక్టరమ్మ ఆయన కుడి బొటనవేలు పట్టుకుని మెల్లగా మడిచింది. సన్నగా, పొడుగ్గా, మిగతా వేళ్ళలాగే ఉన్న వేలు. "ఒకటి, రెండు, మూడు. బొటనవేలికి రెండు కణుపులే ఉంటాయి. మీకు మూడున్నాయి. అదే అక్షరం మీలో ఇంతటితో ఆగింది, మీ అమ్మాయిలో ఇంకో వేలయింది. ఒకే ఇంట్లో ఒక్కొక్కరిలో ఒక్కోలా కనపడుతుంది."

కత్తెరాయన డాక్టరమ్మ బొటనవేలు చూశాడు, తనది చూసుకున్నాడు. పనిలో చేరిన రోజున మేస్త్రి ఈ వేలు చూసే ఆయన చేతికి పెద్ద కత్తెర ఇచ్చాడు. "కత్తెర కోసమే దేవుడు చేసిన వేలురా ఇది," అన్నాడు. ఆ మాట ఆయన ముప్ఫై ఐదేళ్ళుగా మొలకి కట్టుకున్నట్టు మోసుకు తిరుగుతున్నాడు. ఏ గ్లౌజు వేసుకున్నా బొటనవేలి దగ్గర ఇరుకయ్యేది. తోలు పిసినారితనంగా కోశారని తిట్టుకునేవాడు. లక్ష బొటనవేళ్ళు కోసిన మనిషి తన వేలి కణుపులు లెక్కపెట్టుకోలేదు.

ఆ వేలిని గుప్పిట్లో ముడుచుకున్నాడు. అయినా అడిగాడు. "అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు కత్తెర పట్టుకుంటే..."

"పట్టుకుంటే?"

"పిల్ల చేతికేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదండీ. వేళ్ళ పని రెండో నెలాఖరుకే అయిపోతుంది. ఆ తర్వాత కత్తెర పట్టుకున్నా ఒకటే, కత్తి పట్టుకున్నా ఒకటే. అసలు ఆ అక్షరం మీ ఆవిడ మీ ఇంటికి రాకముందే మీలో ఉంది. ఎవరన్నారు ఈ మాట?"

ఆయన బల్ల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ ఇంకా చెప్పింది. బిడ్డ ప్రాణానికేమీ భయం లేదట, పుట్టాక చిన్న ఆపరేషనుతో సరిపోతుందట. ఆ జన్యువు మెదడుకీ వెన్నుకీ కూడా కావాలి, అదే చెడి ఉంటే మాత్రం చాలా కష్టమయ్యేదట. చెడింది చేతి దగ్గర స్విచ్చు ఒక్కటే. ఆయన అన్నిటికీ తలూపాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు.

బస్సులో కూచోడానికి చోటు దొరికింది గాని, ఒంట్లో బరువు దిగలేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? బిడ్డకేం భయం లేదంట, చిన్న ఆపరేషనంట, ఇలాంటివి కుటుంబాల్లో వస్తుంటాయంట. ఇంత చెప్తే చాలు. అబద్ధం ఒక్క ముక్క ఉండదు. ఏ కుటుంబమో చెప్పక్కర్లేదు. కాగితంలో ఉన్న భాష ఇంట్లో పాపకి తప్ప ఎవరికీ రాదు, పాప అలసిపోయి ఉంది, చదవనైనా చదవదు. ఇన్నేళ్ళ తర్వాత పుండు రేపడం ఎందుకు? ఆవిడ మర్చిపోయే ఉంటుంది.

మర్చిపోయిన మనిషి పంటితో దారం ఎందుకు తెంచుతుంది?

కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దేవుడా, నేను ఆవిడ గురించి అడిగితే నువ్వు నా గురించి చెప్పావేమిటి, అనుకున్నాడు. ఇన్నేళ్ళు ఆలస్యం చేసి మరీ చెప్పాలా? నేను కుర్రవాణ్ణిగా ఉన్నప్పుడే చెప్పి ఉంటే నాకు వినే ఓపికైనా ఉండేది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. అప్పుడు చెప్పినా తను వినేవాడు కాదు. వేలు చూసుకుని మురిసే వయసు అది. ఈ ఆలోచనతో కోపం కూడా మిగల్లేదు, ఉసూరుమంటూ దిగాల్సిన చోట దిగాడు.

ఇంట్లో పాప చాప మీద కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది. కిటికీ దగ్గర కుర్చీలో ఎనభై నాలుగేళ్ళ తల్లి కూచుంది. ఆవిడకి చెవుడు బాగా ముదిరింది. భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆయన్ని చూసి ఏమీ అడక్కుండా లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది, మళ్ళీ వెళ్ళి బట్టల ముందు కూచుంది.

"నాన్నా, ఏమందావిడ?" అంది పాప.

ఆయన నిలబడే నీళ్ళు తాగాడు. "బిడ్డకేం భయం లేదంది. చిన్న ఆపరేషను చాలంది."

"హమ్మయ్య!" పాప కళ్ళు మూసుకుంది.

అక్కడితో ఆగిపోవచ్చు. గ్లాసు కింద పెట్టి, భార్య పక్కన నేల మీద కూచోబోయాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, గోడ పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు.

"ఇదిగో," అన్నాడు. "నీ రక్తంలో లేదంట."

"తెలిసిందేగా." ఆవిడ తువ్వాలు మడత తప్పిందని విప్పి మళ్ళీ పెడుతోంది.

"నీ చేతి వల్ల కూడా కాదు. నాలో ఉంది. ఈ వేలు చూడు. మూడు కణుపులు. నా నుంచే పాపకొచ్చింది. నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉందంట నాలో. పిల్లకి వేళ్ళు రెండో నెలకే అయిపోతాయంట. కత్తెరకీ దానికీ సంబంధమే లేదంట."

తువ్వాలు ఆవిడ ఒళ్ళో ఆగిపోయింది. పాప కళ్ళు తెరిచింది. ఆవిడ ఆయన చెయ్యి ముట్టుకోలేదు, దూరం నుంచే ఆ వేలు చూసింది. పెళ్ళయిన నాటి నుంచీ చూస్తున్న వేలే.

"ఆ రోజు నేనన్న మాట..." అని ఆయన ఆగాడు.

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"నాకు తెలుసు. మీకు గుర్తుందో లేదో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పారా?" ఆవిడ గొంతు పెంచలేదు. అంత ఓపిక కూడా లేనట్టుంది. "ఆ గదిలో ఎంతమంది ఉన్నారప్పుడు?"

ఆయన వేళ్ళు మడిచాడు. "మా అమ్మ. మీ అమ్మ. మీ అక్క. నర్సు."

"మా అమ్మ పోయింది. అక్క పోయింది. నర్సు ఎక్కడుందో దేవుడికెరుక. మిగిలింది అత్తయ్య ఒక్కరే. నలుగురి ముందు అన్నారు, ఆ ఒక్కరి ముందైనా చెప్పండి."

కత్తెరాయన గోడ పట్టుకుని మళ్ళీ లేచి తల్లి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా!"

ఆవిడ కిటికీలోంచి వీధి చూస్తోంది.

"అమ్మా! పాప చేతికి రెండో వేలు కత్తెర వల్ల రాలేదంట! నా వల్ల వచ్చిందంట!"

"ఆఁ?"

ఇంకా గట్టిగా అరిచాడు. ఎదురింటి వరండాలో ఎవరో తల తిప్పి చూశారు.

"అరవకురా, నాకు చెవుడని వీధంతా చాటుతావా?" అంది ముసలావిడ. ఆయన వేలు చూపించి, కణుపులు లెక్కపెట్టి చూపించి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. చెమట పట్టింది. తల్లి ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"మీ నాన్నదీ ఇంతేగా," అంది తాపీగా. "జెర్రివేలని స్నేహితులు ఏడిపించేవాళ్ళు." అంతలో ఏదో తట్టినట్టు ఆవిడ మొహం మారింది. కోడలి వైపు తిరిగింది. "మొదట అన్నది నేనేనే అమ్మాయీ. వీడు తర్వాత అన్నాడు."

"మీది తర్వాత చూద్దాం అత్తయ్యా," అంది కోడలు గట్టిగా, ఆవిడకి వినపడేలా. "ముందు ఆయన్ని పూర్తి చెయ్యనివ్వండి."

పాప నవ్వబోయి పెదవి కొరుక్కుంది. కత్తెరాయన గది మధ్యలో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కలకి వేలాడేశాడు.

"పిల్లకి వేలు ఎక్కువ కుట్టింది నువ్వు కాదు," అన్నాడు, తల్లికీ భార్యకీ వినపడేటంత గట్టిగా. "తెలిసీ తెలియక నలుగుర్లో నిన్నన్నాను. ఆ మాట తప్పు. నీ పని మాన్పించింది కూడా ఆ మాటే. అదీ తప్పే."

ఆవిడ ఒళ్ళోంచి తువ్వాలు తీసి కొసలు కలిపింది. తర్వాత దాన్ని మడిచి బట్టల మీద పెట్టింది.

"బాకీ ముట్టింది," అంది.